కట్టినోడే ఇప్పాలి

"పవర్ సప్లయిలు పేల్చేసే ముసలాయన ఉండేవాడు చూడు, పోయాడంట," అన్నాడు టీ కొట్టు దగ్గర ఒకడు. పంచదార కలుపుకుంటూ, క్రికెట్ స్కోరు చెప్పినట్టు చెప్పాడు.

"ఎన్ని పేల్చాడు?" అనడిగాను.

"ఒకటి పేలింది కదన్నా, కాలనీలో. గ్రూపులో వీడియో కూడా వచ్చింది."

"ఒకటి పేలితే పేల్చేసే ముసలాయన అయిపోతాడా?"

"నాకెందుకన్నా అరుస్తావు? నీకేమైనా తెలుసేంటి?"

నాకు తెలిసినంత ఈ గాజువాకలో ఇంకెవరికీ తెలీదు. గ్లాసు బల్ల మీద ఎంత గట్టిగా పెట్టానంటే సగం టీ నా చొక్కా మీదే పడింది. దినం ఎల్లుండి అని వాడే వెనక నుంచి చెప్పాడు.

నేను బేకరీ పైన అంతస్తులో వీడియో గేముల సెంటర్ నడుపుతాను. మా నాన్న గోదావరి జిల్లా నుంచి స్టీల్ ప్లాంటు ఉద్యోగానికొచ్చి ఇక్కడే ఉండిపోతే, నేను ఆ ప్లాంటు గేటు కూడా దాటకుండా ఈ వ్యాపారంలో పడ్డాను. ఎనిమిది కన్సోళ్ళు, ఎనిమిది టీవీలు, ఒకే ఒక్క కిటికీ. ఆ ఎనిమిదింటికీ కరెంటు అందించే పవర్ సప్లయిలు ఏళ్ళ తరబడి ఆయన చేతి మీదే బతికాయి. ఆయన పేరు ఇక్కడ రాయను. ఆ పేరుని ఊళ్ళో జనం వాడుకున్నది చాలు.

ఆయన దేన్నీ ముందు అరచేత్తో ముట్టుకునేవాడు కాదు. చెయ్యి తిరగేసి, వేళ్ళ వెనక భాగం ఆనించేవాడు. మొదటిసారి నా కన్సోలుని అలా తడుముతుంటే, పెళ్ళిచూపుల్లో పిల్ల చెంప తాకినట్టు ఇదేంటని నవ్వాను. నా వైపు కోపంగా చూశాడు.

"నవ్వుతావేటి? కరెంటు తగిలితే సెయ్యి ముడుసుకుంతాది. అరసెయ్యెట్టావనుకో, పట్టుకుని ఇంక ఒగ్గదు. యెనకసెయ్యయితే దానంతటదే యెనక్కొచ్చీద్ది."

ముప్ఫై ఏళ్ళు ప్లాంటులో ఎలక్ట్రీషియన్‌గా చేశాడు. ఆ అలవాటు ఒంటికి పట్టేసింది. టీ గ్లాసు, బస్సులో కడ్డీ, సొంత కొట్టు షట్టరు, అన్నిటికీ ముందు వెనకచెయ్యే. ఒకసారి నాకు ఒళ్ళు కాలిపోతుంటే నుదుటి మీద కూడా వెనకచెయ్యే పెట్టి, "నూటొకటి ఉంతాది, ఎల్లి ఫేను కింద కూకో," అన్నాడు. నా తలకాయ కూడా ఆయన లెక్కలో ఒక అడాప్టరే.

కణితి రోడ్డులో మెట్ల కింద కొట్టు. బోర్డు లేదు. షట్టరు మీద సుద్దతో "పవర్ సప్లయి మాత్రమే" అని రాసుకున్నాడు. కంట్రోలర్ బటన్ పోయిందనో, డిస్కు ఇరుక్కుందనో ఎవరైనా వస్తే లోపలికి కూడా రానిచ్చేవాడు కాదు. "నాకు ఆటలు రావు. గోడకీ ఆటకీ మధ్యనున్నదే నాది," అనేవాడు. బిస్కట్లు తింటూ మిషను మీద చేతులు వేసినా, కన్సోలుని అద్దాల బీరువాలో పెట్టామని చెప్పినా తిట్లు తప్పేవి కావు. ఒకావిడ కన్సోలుకి కుట్టు పని చేసిన గుడ్డ కప్పి తెచ్చింది. "దీనికేటమ్మా, జలుబు సేసిందా?" అన్నాడు. ఆవిడ మళ్ళీ రాలేదు. ఆయనకది పట్టలేదు కూడా.

మూత విప్పగానే లోపలి దుమ్ముని పాత పేపరు మీదకి దులిపి చూసేవాడు. నల్లగా జిడ్డుగా ఉంటే "జ్ఞానాపురం. పోర్టు బొగ్గు," అనేవాడు. తెల్లగా ఉప్పు పెచ్చులా ఉంటే "జాలరిపేట. సముద్రమంతా లోపలే ఉంది." ఎక్కడి నుంచి తెచ్చావని ఎవర్నీ అడగలేదు. ఒక్కోసారి ఇంటి వాళ్ళకి తెలీని సంగతులు కూడా చెప్పేవాడు: మీ బొద్దింకలు మహా బలిసున్నాయి, మీ ఇంట్లో సాంబ్రాణి ఎక్కువ, ఇలా.

వేడి మాట ఎత్తితే మాత్రం మనిషి మారిపోయేవాడు. కన్సోలు వెనక నుంచి సెగ కొడుతుంటే బాగా పని చేస్తున్నట్టు అనుకునేవాణ్ణి నేను. అదే ఆయనతో అన్నాను. స్క్రూడ్రైవర్ కింద పెట్టేశాడు.

"వేడంటే ఏటనుకున్నావు? ఆటకి సేరని కరెంటు. సప్లయి గోడకాడ నుంచి వంద తీసుకుందనుకో. తొంభై ఆటకిచ్చి పది పారబోసిందంటే అది మంచిది. డెబ్భై ఇచ్చి ముప్ఫై తన పొట్ట మీదే పోసుకుందంటే అది దొంగ. ఆ ముప్ఫయ్యే దాన్ని లోపల నుంచి తినీద్ది. నువ్వు దొంగకి అన్నం ఎట్టి, ఆడు కష్టపడతన్నాడు అంతన్నావు."

బాగు చేసిన సప్లయిని కన్సోలుకి తగిలించి నాతో ఆడించేవాడు. "యుద్ధం ఎట్టు," అనేవాడు. పెద్ద యుద్ధం వచ్చినప్పుడు కన్సోలు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ లాగుడికి నాసిరకం సప్లయి చేతులెత్తేస్తుంది, ఆట మధ్యలో మిషను ఆరిపోతుంది, మనం కన్సోలు చేసిన కంపెనీని తిడతాం. నేను ఆడుతుంటే ఆయన టీవీకి వీపు తిప్పి, కరెంటు కొలిచే ముల్లు మీటరు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు.

"ఇప్పుడు ఉత్తినే నిలబడ్డావు."

"అవును బాబాయ్."

"ఇప్పుడేదో పెద్దది పేలింది. మళ్ళీ పేలింది. ఆ... సచ్చిపోయావు. మెనూలోకొచ్చీసావు."

ఒక్కసారి కూడా తల తిప్పి తెర చూడలేదు. ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. ఇన్నేళ్ళలో నేనెన్ని సార్లు చచ్చానో ముల్లులో చూశాడు కానీ ఎలాంటి ఆటలో చచ్చానో ఆయనకి తెలీదు.

దాని తర్వాత బల్బులు. సప్లయిచ్చేది పన్నెండు వోల్టులు కాబట్టి లారీ హెడ్‌లైటు బల్బులు వరసగా కట్టి, పొద్దుట నుంచి సాయంత్రం దాకా వాటి మీద వెలిగించేవాడు. పట్టపగలు ఆ మెట్ల కింద లారీ ఎదురొస్తున్నట్టు ఉండేది. ఆ రోజంతా సప్లయి నిలబడి, వెనకచేతికి పెద్దగా వేడి తగలకపోతే, అప్పుడు అట్ట కట్టేవాడు.

ఆ అట్ట సంగతే చెప్పాలి. పాత పెళ్ళికార్డుల వెనక తెల్లటి భాగం వేలెడంత కత్తిరించి, దాని మీద తేదీ, ఎంత లోడు మీద ఎన్ని గంటలు పెట్టాడో రాసి, చివర తన పేరులో మొదటి అక్షరం వేసి, చిల్లు పొడిచి తెల్ల నూలు దారంతో వైరుకి కట్టేవాడు. బేకరీ వాళ్ళు డబ్బాలకి కట్టే ప్లాస్టిక్ దారం నా దగ్గర ఉండలు ఉండలుగా ఉంది, తెస్తానన్నాను ఒకసారి.

"వద్దు. వేడికి కరిగీసి అంటుకుపోద్ది. మళ్ళీ ఇప్పాలంటే ఎలాగ?"

"విప్పడమెందుకు? కోసెయ్యడమే."

దానికి ఆయన ప్లాంటు సంగతి చెప్పాడు. లైను మీద పనికి దిగేవాడు స్విచ్చి ఆపి, దానికి తన పేరున్న అట్ట కడతాడు. లోపల మనిషున్నాడని దాని అర్థం. ఆఫీసరొచ్చి గొంతు చించుకున్నా ఇంకొకడు దాన్ని ముట్టకూడదు. కట్టినవాడు మరిచిపోయి ఇంటికెళ్ళిపోతే, భోజనం మధ్యలో ఉన్నా సరే, మనిషిని పంపి రప్పించేవారట.

"కొయ్యకూడదు బాబూ. కట్టినోడే ఇప్పాలి. అంతే."

గాజువాకలో ఆ అట్టకి పెద్ద విలువే వచ్చింది. పాత కన్సోలు అమ్మకానికి పెట్టేవాళ్ళు "అట్ట ఉంది" అని రాసి ఫొటో పెట్టేవాళ్ళు. నేనూ పెట్టాను.

ఇంక నా నిర్వాకం.

రెండేళ్ళ కిందట వేసవి సెలవులు. సెలవుల్లో కన్సోళ్ళు ఇళ్ళకి అద్దెకిస్తాను. ఒకదాని సప్లయి చచ్చిపోయింది. ఇటుకలా కన్సోలు బయట ఉండే రకం, ఏడాది కిందట ఆయన కట్టిన అట్ట ఇంకా దాని వైరుకే ఉంది. పట్టుకెళ్ళాను. "మూడ్రోజులు," అన్నాడు.

"రేపు కావాలి బాబాయ్. మాటిచ్చేశాను."

"కెపాసిటరు రేపొస్తాది. మార్సాల. ఓ రోజు బల్బుల మీదెట్టాల. మూడ్రోజులు."

"పన్నెండు వోల్టులొస్తే చాలదా? ఎవరడిగారు మీ బల్బులు? మీ చాదస్తానికి నా సీజను పోతోంది."

ఇటుకని వెనకచేత్తో నా వైపు తోసేశాడు. "అయితే తీస్కెల్లు."

ఒళ్ళు మండిపోయింది. తిన్నగా బజారుకెళ్ళి కొత్త సప్లయి కొన్నాను. లేబులు మీద అవే అంకెలు, అదే రంగు. చేతిలోకి తీసుకోగానే తెలిసింది, బొరుగుల పొట్లంలా ఉంది. లోపల ఉండాల్సిన తీగ చుట్టలు లేకపోతే అలాగే తేలిగ్గా ఉంటుందని ఆయన పదిసార్లు చెప్పాడు నాకు. తెలియక కొన్నానని ఎవరైనా నన్ను వెనకేసుకొస్తే వాళ్ళ నోరు నేనే మూస్తాను. తెలిసే కొన్నాను.

మర్నాడు అద్దెకి తీసుకోవడానికి ఒక టీచరుగారు వచ్చింది. మా వెనక కాలనీయే. పెట్టె విప్పి చూసి, "ఆయన అట్ట ఏదండీ?" అంది. "ఇంట్లో పిల్లలు, మా మావగారూ ఉంటారు. నేను రోజంతా సమ్మర్ క్లాసుల్లో ఉంటాను. అట్ట ఉన్నదే ఇవ్వండి."

"ఒక్క నిమిషం," అని లోపలికెళ్ళాను.

నిమిషం కూడా పట్టలేదు. చచ్చిన ఇటుక వైరు నుంచి ఆయన దారాన్ని కత్తెరతో కోశాను. అట్ట తీసి కొత్తదాని వైరుకి పెట్టి, చేతికందిన బేకరీ దారంతో కట్టాను. గులాబీ రంగు ప్లాస్టిక్ దారం. టీచరుగారు అట్ట మీద అక్షరం చూసుకుని, థాంక్సండీ అని చెప్పి మరీ తీసుకెళ్ళింది.

మూడో రోజు మధ్యాహ్నం ఆ ఇటుక అంటుకుంది. కర్టెను, టీవీ బల్ల కాలాయి. పిల్లలు బయటికి పరిగెత్తారు. మావగారు ప్లగ్గు లాగబోయి, కరుగుతున్న వైరుని అరచేత్తో పట్టుకున్నారు. ప్లాస్టిక్ ఆ పెద్దాయన చర్మానికి అతుక్కుపోయింది.

వాళ్ళు నా దగ్గరికి రాలేదు. అట్ట మీద అక్షరం ఎవరిదో ఆయన దగ్గరికే వెళ్ళారు. సంగతి తెలిసి నేను పరిగెత్తేసరికి మెట్ల కింద జనం. ఒకడు ఫోను పైకెత్తి వీడియో తీస్తున్నాడు.

ఆయన కాలిన ఇటుకని ముందు వెనకచేత్తో తాకాడు, చల్లారిపోయిందని తెలిసినా. తర్వాత అరచేతిలోకి తీసుకుని రెండుసార్లు ఎగరేసి బరువు చూశాడు. అప్పుడు వైరు చివర సగం కాలిన అట్ట పట్టుకున్నాడు. చిల్లులో తన తెల్ల దారం ముక్క, కత్తెరతో కోసింది, ఇంకా ఇరుక్కునే ఉంది. పక్కనే గులాబీ దారం కరిగి ముద్దయింది. తలెత్తి జనంలో నన్ను వెతికి చూశాడు.

నేనప్పటికే అబద్ధం సిద్ధం చేసుకున్నాను. నాకేం తెలీదు, మీ దగ్గర నుంచి వచ్చిందే ఇచ్చాను అందామని నోరు తడుపుకుంటున్నాను. ఆయన అడిగితే అనేసేవాణ్ణే.

"అట్ట నాదే," అన్నాడు.

"మీ అట్ట చూసే కదండీ తీసుకున్నాం!" అని ఏడ్చింది టీచరుగారు.

"అవునమ్మా. నా అట్ట సూసే తీసుకున్నారు."

లోపల వెలుగుతున్న బల్బులు ఆపేశాడు. షట్టరు దింపాడు. మావగారిని ఆటో ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. చెయ్యి మానేదాకా రోజు విడిచి రోజు కట్టు మార్పించడానికి ఆయనే తీసుకెళ్ళాడట. వీడియో మాత్రం "అట్ట నాదే" దగ్గర ఆగిపోయింది. జనానికి అంతకన్నా ఏం కావాలి?

వారం తర్వాత కూడా షట్టరు తెరవలేదు, సొంతూరు వెళ్ళిపోయాడన్నారు. ఆనందపురం దాటాక ఉన్న ఆయన ఊరికి బండి మీద వెళ్ళాను. క్షమించమని అడగడానికి వెళ్ళానని రాసుకుంటే బాగుంటుంది కానీ, నేను వెళ్ళింది పోట్లాటకి. పెరట్లో వంగ మొక్కలకి నీళ్ళు పోస్తున్నాడు.

"దారం చూశారు కదా! చూసి ఎందుకు చెప్పలేదు?" అని అరిచాను.

"సూసాను."

"మరి? అందరి ముందూ నా మొహాన కొట్టాల్సింది! ఇదేం పద్ధతి?"

చెంబు కింద పెట్టాడు. "నానెందుకు ఇప్పుతాను బాబూ? కట్టింది నువ్వు కదా."

నేను బండి తాళం జేబులోకి తోశాను.

"అట్ట నాదని సెప్పినాను, అది నిజం. దారం ఎవులిదో నువ్వు సెప్పాల. బేగి సెప్పు. ఆలీసం అయితే అంటుకుపోద్ది."

ఆయన భార్య మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తాగాను. తాగి, వచ్చేశాను. దారంతా ఆయన్నే తిట్టుకున్నాను.

వచ్చే వారం టీచరుగారికి చెబుదామనుకున్నాను. తర్వాత బళ్ళు తెరిచాక. తర్వాత దసరా అయ్యాక. ఆయన కొట్టులో ఫోను కవర్ల వాడు దిగాడు. నా సెంటర్ బాగానే నడిచింది. ఒకసారి తగరపువలస సంతలో గంప పక్కన కూర్చుని వంకాయలు అమ్ముతూ కనిపించాడు. ఒకావిడ ఇచ్చిన చిల్లరని కూడా వెనకచెయ్యి ముందు చాచి, తర్వాత తిప్పి తీసుకున్నాడు. నేను బండి వెనక్కి తిప్పేశాను.

ఆయనది మంచితనమని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ కోపమే వస్తుంది. మంచితనం కాదు, మొండితనం. ఒక్క చెంపదెబ్బ కొట్టి ఉంటే ఆ రోజుతో పోయేది. కొట్టలేదు. ప్లాంటులో స్విచ్చి దగ్గర నిలబడ్డట్టు, కట్టినవాడు వచ్చేదాకా నిలబడ్డాడు. రెండేళ్ళు.

దినం రోజు వెళ్ళాను. వాకిట్లో పందిరి, భోజనాలు నడుస్తున్నాయి. మూలగా కుర్చీల్లో టీచరుగారూ, వాళ్ళ మావగారూ ఉన్నారు. ఆటోల్లో కలిసి తిరిగిన పరిచయంతో ఆ పెద్దాయన రాకుండా ఉండలేకపోయాడట. నన్ను చూసి టీచరుగారు పక్కన చోటిచ్చింది.

"మంచి మనిషండి. ఒక్క పొరపాటు, అంతే. మేం ఎప్పుడో మర్చిపోయాం," అంది.

టీ కొట్టు దగ్గర వాడి మాటకి చొక్కా తడిసింది. ఈవిడ మాటకి లోపలంతా కాలింది. పెద్దాయన ఒళ్ళో అరచెయ్యి తెరిచి ఉంది, మధ్యలో చర్మం నున్నగా మెరుస్తోంది.

"పొరపాటు ఆయనది కాదు!" అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే వడ్డించేవాళ్ళు ఆగిపోయారు. "ఆ సప్లయి ఆయన ముట్టుకోనే లేదు. బజార్లో నేను కొన్నాను. పాతదాని అట్ట కోసి దానికి నేను కట్టాను. మీరు బయట కూర్చుని ఉండగా."

టీచరుగారు మావగారి అరచేతి వైపు చూస్తూ అంది: "చెయ్యి చూడ్డానికి ఆయన మా ఇంటికొస్తుంటే, ప్లగ్గులు తీసెయ్యండర్రా అని వీధిలో నవ్వేవాళ్ళు. నేనూ నవ్వానండీ." నా మొహం చూడకుండా లేచి నిలబడింది.

ఆయన భార్య గుమ్మంలో నుంచి అంతా విన్నది. లోపలికెళ్ళి ఒక వైరు ముక్క పట్టుకొచ్చింది. సగం కాలిన అట్ట, గులాబీ దారం ముద్ద, అలాగే ఉన్నాయి.

"మేకుకి తగిలించినాడు. నాను తెంపి పారేత్తానంటే ఒప్పుకోలేదు. ఆ బాబొస్తాడు, ఆ బాబే ఇప్పాల అన్నాడు."

అందుకోబోతే నాకు తెలీకుండానే నా చెయ్యి తిరగబడి, వెనక భాగం ముందుకెళ్ళింది. ఆవిడ అది చూసింది. చూసి, పెదవి బిగబట్టుకుని, వైరు నా చేతిలో పెట్టింది.

ముడి కరిగి గోళీలా గట్టిపడింది. గోరు దిగడం లేదు. పక్కనే కూరగాయలు తరిగిన కత్తిపీట ఉంటే అటు చూశాను.

"కొయ్యకు," అంది ఆవిడ. "ఓపాలి కోసినావు కదా. ఇప్పుడు ఇప్పు."

కింద కూర్చున్నాను. టీచరుగారు వెళ్ళిపోలేదు. చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడింది. పెద్దాయన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. బొటనవేలి గోరు విరిగింది. చూపుడువేలి గోరుతో మొదలుపెట్టాను. ఆ బంతి భోజనాలయ్యాయి, విస్తళ్ళు తీశారు, ఇంకో బంతి కూర్చుంది. ఒక్క పోగు మాత్రం లేచింది.